గంట ఖాళీ దొరకని రోజులో వ్యాయామం ఎక్కడ పెట్టుకోవాలి?

బెజవాడ_కోడలు · జనవరి 12, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయాల్సి వచ్చింది.

నాకు 42 ఏళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. బ్యాంకులో ఉద్యోగం. పోయిన వారం చేయించుకున్న పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే రక్త పరీక్ష) 6.1 వచ్చింది. "షుగర్ ఇంకా లోపలికి రాలేదమ్మా, గుమ్మంలో నిలబడి ఉంది. మందులు వద్దు. రోజూ గంట నడవండి, మూడు నెలలకి మళ్లీ చూద్దాం" అన్నారు డాక్టరు గారు. మా అమ్మకి 45 ఏళ్లకే షుగర్ వచ్చింది. అరికాళ్ల మంటలతో ఆవిడ రాత్రుళ్లు తడిగుడ్డ చుట్టుకుని కూర్చోవడం చూస్తూ పెరిగాను. అందుకే చాలా టెన్షన్‌గా ఉంది.

నా రోజు ఎలా ఉంటుందో చెబుతాను. ఐదింటికి లేస్తాను. ఏడింటికల్లా ఇంటర్ చదివే మా అబ్బాయికి క్యారేజీ కట్టాలి. తర్వాత మా వారికి, నాకు బాక్సులు. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి టిఫిన్ పెట్టి మందులు ఇవ్వాలి. తొమ్మిదింబావుకి బండి తీస్తాను. బ్రాంచిలో కుర్చీలో కూర్చున్నానంటే మళ్లీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. ఇంటికి వచ్చేసరికి ఏడవుతుంది. వంట, గిన్నెలు, మర్నాటికి కూరలు తరిగిపెట్టుకోవడం. పడుకునేది పదకొండింటికి.

నాలుగేళ్లలో మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఒకసారి జిమ్‌లో ఏడాదికి డబ్బు కట్టి పదకొండు రోజులు వెళ్లాను. ఒకసారి బీఆర్‌టీఎస్ రోడ్డు మీద పొద్దున్నే నడక మొదలుపెడితే అబ్బాయి టెన్త్ పరీక్షలు వచ్చాయి. మూడోసారి ఫోన్లో చూసి ఇంట్లోనే చేశాను, పది రోజులకి నడుం పట్టేసింది. ప్రతిసారీ నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

గంట ఒక్కసారిగా దొరకదు. ముక్కలు ముక్కలుగా చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా? ఉంటే ఎక్కడ ఇరికించాలి? ఉద్యోగం, ఇల్లు రెండూ చూసుకుంటూ చేస్తున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

---

ఓరుగల్లు_మాస్టారు · జనవరి 13, ఉదయం 6:20

అమ్మా, భయపడకండి. ముందుగానే తెలిసింది కాబట్టి మంచిదే అయింది.

నేను రిటైర్డ్ లెక్కల మాస్టర్‌ను, 66 ఏళ్లు. పదకొండేళ్లుగా రోజూ నాలుగున్నరకి లేచి భద్రకాళి చెరువు కట్ట మీద గంట నడుస్తున్నాను. వాన పడినా, చలి పెట్టినా మానలేదు. బీపీ, షుగర్ రెండూ లేవు. నా అనుభవంతో చెప్పేది ఒక్కటే: పొద్దున టైమ్ మనది. మిగతా రోజంతా లోకానిది. మీరు కూడా నాలుగింటికి లేచి చూడండి. నెల రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

---

బెజవాడ_కోడలు · జనవరి 13, మధ్యాహ్నం 1:35

మాస్టారూ, మీ క్రమశిక్షణకి దండం. కానీ పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే నాకు మిగిలేది ఐదు గంటల నిద్ర. పోయినసారి అదే చేశాను. మూడో వారానికి కౌంటర్‌లో క్యాష్ లెక్కపెడుతూ కునికాను. నిద్ర తగ్గించుకోకుండా ఏదైనా దారి ఉంటే చెప్పండి.

---

గోదారి_గట్టు · జనవరి 13, సాయంత్రం 5:10

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా నాయనమ్మ ఏ వ్యాయామం చేసిందని 88 ఏళ్లు బతికింది? తిరగలి విసిరేది, రుబ్బురోట్లో పప్పు రుబ్బేది, కాలువ నుంచి బిందెతో నీళ్లు మోసేది, పీట మీద కూర్చుని తినేది. ఇప్పుడు అన్నిటికీ మిషన్లు వచ్చాయి. ఇంటి పనినే ఒళ్లు వంచి చేస్తే వేరే వ్యాయామం అక్కర్లేదని నా అభిప్రాయం. తప్పయితే చెప్పండి.

---

మూడో_షిఫ్ట్ · జనవరి 13, సాయంత్రం 5:55

అన్నా, తప్పు అనను గానీ సగమే నిజం అంటాను. మా అమ్మ ముప్పయ్యేళ్లు ఇంటి పని ఒళ్లు వంచే చేసింది. 52 ఏళ్లకి షుగర్, బీపీ, అరిగిన మోకాళ్లు. ఇంటి పని చేసే ఆడవాళ్లకి "అదే వ్యాయామం" అని చెబితే, వాళ్ల కోసం వాళ్లు తీసుకోవాల్సిన ఆ కాస్త టైమ్ కూడా పోతుంది.

నేను హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారి మూడున్నర దాకా. నాకూ అక్క అడిగిన ప్రశ్నే ఉంది. ఎవరైనా తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

---

ఫిజియో_విశాఖ · జనవరి 13, రాత్రి 9:30

ఫిజియోథెరపిస్ట్‌గా పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అని ఉండేది. 2020లో ఇచ్చిన కొత్త వాటిలో ఆ షరతు తీసేశారు. పెద్దవాళ్లకి ఇప్పుడు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం కోసం చేసేవి. ఈ రెండో భాగాన్ని మన దగ్గర దాదాపు అందరూ వదిలేస్తారు. నడక ఒక్కటే వ్యాయామం అనుకుంటారు.

మధ్యస్థ శ్రమ అంటే ఏమిటో తెలియడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే అది గట్టి శ్రమ. హాయిగా పాడుకోగలిగితే ఇంకాస్త వేగం పెంచాలి. గోదారి_గట్టు గారూ, మీ ప్రశ్నకీ జవాబు ఇందులోనే ఉంది. చేత్తో ఇల్లంతా తుడవడం, బకెట్లు మోయడం లాంటివి ఊపిరి పెంచితే తప్పకుండా లెక్కే. మీ నాయనమ్మ గారి పనులు అలాంటివే. గిన్నెలు తోమడం, కూర తరగడం, స్టవ్ ముందు నిలబడటం అలసట ఇస్తాయి గానీ గుండెకి పని చెప్పవు. ఒళ్లు అలిసిపోవడం వేరు, ఒళ్లు బలపడటం వేరు. రోజంతా నిలబడి అలిసిపోయిన ఆడవాళ్ల తొడ కండరాలు ఎంత బలహీనంగా ఉంటాయో నేను రోజూ చూస్తున్నాను.

ఇప్పుడు షుగర్ సంగతి. కండరం కదులుతున్నప్పుడు రక్తంలోని గ్లూకోజ్‌ని ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లోపలికి లాక్కుంటుంది. అందుకే భోజనం చేశాక నడవడం చాలా విలువైనది. 2013లో అమెరికాలో అరవై దాటినవాళ్ల మీద ఒక చిన్న అధ్యయనం జరిగింది. పొద్దున ఒకేసారి 45 నిమిషాలు నడిచినా, మూడు పూటలా తిన్నాక పదిహేనేసి నిమిషాలు నడిచినా రోజు మొత్తం మీద షుగర్ దాదాపు అంతే తగ్గింది. రాత్రి భోజనం తర్వాత పెరిగే షుగర్‌ని తగ్గించడంలో మాత్రం తిన్నాక నడకే మెరుగ్గా పనిచేసింది. బెజవాడ అక్కగారూ, మీకు సరిపడేది ఇదే అనిపిస్తోంది.

నేనైతే ఇలా మొదలుపెట్టమంటాను. రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు మేడ మీదో వీధిలోనో నడవండి. మధ్యాహ్నం బాక్సు తిన్నాక బ్రాంచి చుట్టూ పది నిమిషాలు. ఇంటికి వచ్చేటప్పుడు లిఫ్ట్ ఎక్కకండి, మెట్లు చురుగ్గా ఎక్కండి. వారం రోజులు ఇంతే, ఇంకేమీ కలపొద్దు.

బలం కోసం చేసేవి రెండో వారం చెబుతాను. ముందు ఒక్క ప్రశ్న. మీ ఇల్లు ఎన్నో అంతస్తు? నడుం పట్టేసిందన్నారు, ఏం చేస్తుంటే పట్టేసింది?

---

బెజవాడ_కోడలు · జనవరి 14, రాత్రి 10:15

భోగి పిండివంటల్లో మునిగిపోయి ఆలస్యంగా చూశాను. ఇంత వివరంగా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. మాది మూడో అంతస్తు. నడుం పట్టింది గుంజీళ్లు తీస్తుంటే. ఫోన్లో అమ్మాయి యాభై తీయమంది, తీశాను.

"ఒళ్లు అలిసిపోవడం వేరు, ఒళ్లు బలపడటం వేరు" అన్న మాట మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

---

ఆర్టీసీ_స్టీరింగ్ · జనవరి 15, ఉదయం 11:40

పండగ స్పెషల్ డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. బస్సు డ్రైవర్‌ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. కూర్చునే ఉద్యోగం అంటే అందరూ ఆఫీసులే అనుకుంటారు, మాదీ అంతే. ఎనిమిది గంటలు స్టీరింగ్ ముందు. బస్టాండ్‌లో దొరికే పది నిమిషాల్లో టీ తాగి మళ్లీ సీటెక్కడమే. పోయినేడాది వార్షిక వైద్య పరీక్షలో బీపీ బయటపడింది. ఉద్యోగానికే ఇబ్బంది అవుతుందని నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. బస్సు ఆగిన ప్రతిచోటా టీకి ముందు ప్లాట్‌ఫారాల ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు చకచకా నడుస్తాను. పెద్ద బస్టాండ్ అయితే ఒక రౌండుకే నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకి నాలుగైదు చోట్ల ఆగుతాం. మందులు కూడా వేసుకుంటున్నాను, మానలేదు. బీపీ ఇప్పుడు అదుపులో ఉంది.

---

ఫిజియో_విశాఖ · జనవరి 15, రాత్రి 8:05

స్టీరింగ్ గారూ, మీరు చెప్పింది చదివి చాలా సంతోషం వేసింది. మీకొక విషయం చెప్పాలి. శారీరక శ్రమకీ గుండె జబ్బుకీ ఉన్న సంబంధం మొట్టమొదట గట్టిగా బయటపడింది బస్సుల్లోనే. లండన్‌లో జెరీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశారు. 1953లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే డిపో. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్లు కొడుతూ పై అంతస్తుకి ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. కండక్టర్లలో గుండె జబ్బు తక్కువ కనిపించింది. వచ్చినా డ్రైవర్లకంటే ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. వాళ్లెవరూ వ్యాయామం చేయాలని చేయలేదు. వాళ్ల పనిలోనే మెట్లున్నాయి.

అందుకే నేను ఎవరికైనా ముందు అడిగేది "మీ పనిలో మెట్లు ఎక్కడున్నాయి?" అని.

---

ఆర్టీసీ_స్టీరింగ్ · జనవరి 15, రాత్రి 9:50

ఇది మా డిపోలో అందరికీ చెబుతాను. మా కండక్టరుకి ముందు చెబుతాను.

---

మూడో_షిఫ్ట్ · జనవరి 16, తెల్లవారి 4:40

ఇప్పుడే క్యాబ్ దిగాను. మేడమ్, రెండు ప్రశ్నలు. వాచీ రోజుకి పదివేల అడుగులు అంటుంది, నాకు మూడు వేలు దాటవు. పదివేలు లేకపోతే దండగేనా? రెండోది, వారంలో ఐదు రోజులు నా బతుకు తలకిందులు. శని, ఆదివారాలు మాత్రమే చేస్తే పనికొస్తుందా?

---

ఫిజియో_విశాఖ · జనవరి 16, మధ్యాహ్నం 2:20

పదివేలు వైద్యులు తేల్చిన అంకె కాదు తమ్ముడూ. 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది. దాని పేరు మాన్పో-కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే తర్వాత లోకమంతా నియమం అయిపోయింది. తర్వాత వచ్చిన పెద్ద విశ్లేషణల్లో అరవై దాటినవాళ్లకి ఆరు నుంచి ఎనిమిది వేల దగ్గర, అంతకంటే చిన్నవాళ్లకి ఎనిమిది నుంచి పదివేల దగ్గర మేలు నిలకడకి వస్తోందని తేలింది. అంతకంటే ముఖ్యంగా, బాగా తక్కువ నడిచేవాళ్లు కాస్త పెంచినప్పుడే లాభం ఎక్కువ. మీ మూడు వేలని ఐదు వేలు చేయండి, అదే పెద్ద అడుగు.

శని, ఆదివారాలు మాత్రమే చేసినా మేలే. వారం కోటా రెండు రోజుల్లో పూర్తిచేసినవాళ్లకీ, వారమంతా పంచుకుని చేసినవాళ్లకీ గుండె విషయంలో ఇంచుమించు ఒకే లాభం కనిపించిందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ పలకల నీడ కూడా ఉంటుంది. సైకిల్ అలవాటుంటే అది వాడుకోండి. ఐదు రోజులు కదలకుండా ఉండి ఆరో రోజు ఒక్కసారిగా పరుగులు మాత్రం తీయకండి. నా దగ్గరికి వచ్చే చీలమండ, మోకాలి దెబ్బలు చాలావరకు సోమవారాలే వస్తాయి.

షిఫ్ట్‌లో ఫోన్ కాల్స్ నిలబడి నడుస్తూ మాట్లాడండి. షిఫ్ట్ అయ్యాక పడుకునే ముందు మాత్రం గట్టి వ్యాయామం వద్దు, నిద్ర చెడుతుంది.

---

మిన్నెసోటా_అమ్మమ్మ · జనవరి 17, ఉదయం 7:15

మనవరాలి కోసం ఆరు నెలలు అమెరికా వచ్చాను. నాకు 69. ఊళ్లో ఉంటే గుంటూరులో పొద్దున గుడికి, సాయంత్రం కూరగాయల బజారుకి నడిచేదాన్ని. ఇక్కడ మోకాలిలోతు మంచు, అడుగు బయట పెడితే జారుతుందని భయం. రెండు నెలలకే కాళ్లు పట్టు తప్పినట్టు అనిపిస్తోంది. అల్లుడు వారానికి రెండుసార్లు షాపింగ్ మాల్‌కి తీసుకెళ్లి దింపుతాడు, అక్కడ నాలాంటి పెద్దవాళ్లు చాలామంది నడుస్తుంటారు. మిగతా రోజులు ఏం చేయను అమ్మాయ్?

---

ఫిజియో_విశాఖ · జనవరి 17, రాత్రి 8:40

అమ్మగారూ, మీ వయసుకి నడకతో పాటు తూలకుండా నిలబడే అభ్యాసం ముఖ్యం. 65 దాటినవాళ్లకి వారానికి మూడు రోజులైనా ఇది ఉండాలని చెబుతారు. వంటగట్టుకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ దాని మీద ఆనించండి. ఒక కాలు కాస్త ఎత్తి పది అంకెలు లెక్కపెట్టండి, తర్వాత రెండో కాలు. కుదిరాక రెండు చేతులకి బదులు ఒక చెయ్యి, ఆ తర్వాత రెండు వేళ్లు. పాలు కాగేలోపు అయిపోతుంది. మేజోళ్లతో నున్నటి నేల మీద మాత్రం చేయకండి. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

---

ఓరుగల్లు_మాస్టారు · జనవరి 19, సాయంత్రం 6:30

నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. ఒక విషయం ఒప్పుకోవాలి.

నా పదకొండేళ్ల నడక నా క్రమశిక్షణ వల్లే సాగిందని అనుకున్నాను, మీకూ అదే చెప్పాను. నిన్న పొద్దున చెరువు కట్ట నుంచి ఇంటికి వచ్చేసరికి ఎప్పటిలాగే టీ సిద్ధంగా ఉంది, వేడినీళ్లు పెట్టి ఉన్నాయి, నా టవల్ దండెం మీద ఉంది. మా ఆవిడ నాకంటే ముందే లేచింది. ఆమెకి 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఈ పదకొండేళ్లలో ఒక్కరోజైనా "నువ్వూ రా" అన్నానా అని ఆలోచించాను. అనలేదు.

అడిగాను. "నేను వస్తే ఇల్లు ఎవరు ఊడుస్తారు, పాలు ఎవరు తీసుకుంటారు?" అంది. ఈ రోజు నేను ఊడ్చాను, పాలు కాచాను. ఆరున్నరకి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమెకి ఇరవై నిమిషాలు చాలనిపించింది, అంతే నడిచాం.

బెజవాడ అమ్మా, మీకు నాలుగింటికి లేవమని చెప్పాను. అడగాల్సిన ప్రశ్న అది కాదు. మీ ఇంట్లో మిగతావాళ్లు ఏ పని తీసుకుంటారు అని అడగాల్సింది.

---

బెజవాడ_కోడలు · జనవరి 19, రాత్రి 10:40

మాస్టారూ, మీ పోస్టు మా వారికి చూపించాను. ఏమీ అనలేదు. భోజనాలయ్యాక మా అబ్బాయిని పిలిచి గిన్నెలు ఇద్దరూ కలిసి తోమారు. నేను మేడ మీదికి వెళ్లి పదిహేను నిమిషాలు నడిచాను. చీకటిగా ఉంది, ఫోన్ లైటు వేసుకున్నాను. రేపు మేడ మీద బల్బు పెట్టిస్తానన్నారు.

వారం లెక్క: ఏడు రోజుల్లో ఐదు రోజులు రాత్రి నడక అయింది. మధ్యాహ్నం నడక మూడు రోజులే, రెండు రోజులు కస్టమర్ల రద్దీతో భోజనమే సరిగా కుదరలేదు. మూడంతస్తుల మెట్లు మాత్రం రోజూ ఎక్కాను. మొదటి రోజు రెండో అంతస్తులో ఆగాను, ఈ రోజు ఆగలేదు.

---

ఫిజియో_విశాఖ · జనవరి 20, రాత్రి 9:00

అద్భుతం అక్కగారూ. ఇప్పుడు బలం సంగతి.

వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు పన్నెండు, పదిహేను నిమిషాలు. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి పెట్టండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవడం, మెల్లగా కూర్చోవడం. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ఎనిమిదితో మొదలుపెట్టండి. బస్కీలకి ఇది మొదటి మెట్టు. యాభై గుంజీళ్లు ఒకేసారి తీయించడం వల్లే మీ నడుం పట్టింది, మీలో లోపం వల్ల కాదు.

తర్వాత గోడకి చేతులానించి దండీలు, పది. గోడ తేలికైపోతే వంటగట్టు ఎత్తుకి మారండి. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తి ఐదు అంకెలు ఆపడం, పది. నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఇది చాలా మంచిది. చివరగా చెరో చేతిలో ఐదేసి కిలోల బియ్యం సంచి పట్టుకుని వీపు నిటారుగా పెట్టి హాల్లో అటూ ఇటూ నడవడం. అన్నీ అయ్యాక రెండు నిమిషాలు ఆగి మరోసారి. పన్నెండు తేలిగ్గా చేయగలిగిన రోజు బరువు గానీ కష్టం గానీ కాస్త పెంచండి. పెంచకపోతే కండరం అక్కడే ఆగిపోతుంది.

బరువులంటే మగవాళ్ల పని అని చాలామంది ఆడవాళ్లు వెనక్కి తగ్గుతారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మా ఉత్తరాంధ్ర ఆడపిల్లే. మనకి అంత అక్కర్లేదు, గ్యాస్ సిలిండర్ పక్కకి జరిపినా నడుం పట్టకుండా ఉంటే చాలు.

---

గోదారి_గట్టు · జనవరి 21, ఉదయం 8:10

మేడమ్, ఒక సంగతి జాగ్రత్త కోసం రాస్తున్నాను. ఈ చర్చ చూసి మా నాన్నని పొద్దున్నే చేను గట్టు దాకా నడిపించాను. ఆయనకి 70, షుగర్ మాత్రలు వాడతారు. కాఫీ కూడా తాగకుండా మాత్ర వేసుకుని బయల్దేరారు. సగం దూరంలో చెమటలు పట్టి, చేతులు వణికి గట్టు మీద కూలబడ్డారు. పక్క చేనువాళ్ల దగ్గర బెల్లం ముక్క దొరికింది, పెట్టాక తేరుకున్నారు. చాలా భయపడ్డాను.

---

ఫిజియో_విశాఖ · జనవరి 21, ఉదయం 9:25

వెంటనే తీపి పెట్టి చాలా మంచి పని చేశారు. ఇది అందరూ చదవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో నడిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. తిన్నాకే నడవాలి. జేబులో చక్కెర గానీ గ్లూకోజ్ గానీ ఉండాలి. మీ నాన్నగారి విషయం ఈ రోజే ఆయన డాక్టరుకి చెప్పండి, మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా గట్ల మీద నడవొద్దు. ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి, స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ఇంకొకటి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి, దవడ లాగినా, కళ్లు తిరిగినా ఆగిపోండి. "గ్యాస్ ఏమోలే" అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

---

బెజవాడ_కోడలు · మార్చి 9, రాత్రి 9:55

చాలా రోజులైంది. మధ్యలో పదమూడు రోజులు పూర్తిగా ఆగిపోయింది. అబ్బాయికి జ్వరం, తర్వాత నాకు. పాత నేనైతే అక్కడితో వదిలేసేదాన్ని. ఈసారి మళ్లీ మొదటి వారం చేసిన దగ్గర్నుంచే మొదలుపెట్టాను. మేడ మీద బల్బు వెలుగుతుంటే వెళ్లకుండా ఉండలేకపోయాను.

పోయిన ఆదివారం తిరుపతి వెళ్లాం. శ్రీవారి మెట్టు దారిలో ఎక్కుదామన్నాను. 2,388 మెట్లు. మూడేళ్ల కిందట ఇదే దారిలో నాలుగు వందల మెట్ల దగ్గర కూర్చుండిపోయి వెనక్కి దిగాను, స్వామికి మొక్కు బాకీ పడ్డానని అప్పట్నుంచీ బాధ. ఈసారి ఆగుతూ ఆగుతూనే ఎక్కాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. పైన మా వారు ఫోటో తీస్తుంటే కన్నీళ్లు ఆగలేదు.

---

ఆర్టీసీ_స్టీరింగ్ · మార్చి 10, ఉదయం 6:05

గోవిందా గోవింద. అక్కా, మీ మొక్కు తీరింది. మా డిపోలో ఇప్పుడు ఆరుగురం బస్టాండ్‌లో కలిసి నడుస్తున్నాం.

---

బెజవాడ_కోడలు · ఏప్రిల్ 16, రాత్రి 8:30

మూడు నెలల పరీక్ష రిపోర్టు వచ్చింది. హెచ్‌బీఏ1సీ 5.8. నడుం చుట్టుకొలత 92 సెంటీమీటర్ల నుంచి 88కి వచ్చింది. మన ఆడవాళ్లకి 80 లోపు ఉండాలన్నారు డాక్టరు, ఇంకా దూరం ఉంది. బరువు కిలోన్నరే తగ్గింది. అయినా రిపోర్టు చూసి ఆయన "ఏం చేశారమ్మా?" అని అడిగారు. రోజూ గంట నడవలేకపోయానని నిజం చెప్పాను. చేసినవన్నీ చెబితే కాగితం మీద రాసుకున్నారు.

ఎండలు ముదిరాయి. మేడ రాత్రి తొమ్మిదింటికి కూడా సెగలు కక్కుతోంది. అందుకని ఈ నెల నుంచి రాత్రి నడక మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో.

మేడమ్, ఒక ప్రశ్న మా అత్తయ్యది. నేను కుర్చీలోంచి లేచి కూర్చోవడం చూసి ఆవిడా ఫిబ్రవరి నుంచి చేస్తున్నారు. మొదట దిండు వేసి ఎత్తు చేసిన కుర్చీలోంచి, చేతులు ఆనించి మూడుసార్లు లేచేవారు. ఇప్పుడు చేతులు ఆనించకుండా పదకొండు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ బాత్రూంకి వెళ్లేటప్పుడు నన్ను పిలవడం మానేశారు. దిండు తీసేయవచ్చా అని అడగమంటున్నారు. పక్కనే నిలబడి ఉన్నారు, జవాబు కోసం.

---

ఫిజియో_విశాఖ · ఏప్రిల్ 16, రాత్రి 8:42

తీసేయవచ్చని చెప్పండి. కుర్చీ గోడకి ఆనించి ఉండాలి, మొదటి వారం మీరు పక్కన నిలబడండి. పదకొండు కాకుండా మళ్లీ ఐదు నుంచి మొదలుపెట్టమనండి.